మిసెస్ పైక్ గారి నియోజకవర్గం

పోయిన ఆదివారం మా పక్కింటి పద్మగారు పెరట్లో కాసిన నారింజకాయల తొక్కల్ని పంచదార పాకంలో ఉడికిస్తున్నారు. కాలిఫోర్నియాలో మా శాన్ రామన్‌లో చాలా ఇళ్ళ వెనక నారింజ చెట్లుంటాయి, కాయలు తినేవాళ్ళ కంటే రాలేవే ఎక్కువ. కిటికీ తెరిచి ఉండడంతో ఆ వాసన మా వంటింట్లోకి వచ్చింది. ముందు తీపి, దాని వెనకాలే చేదు, ఆ తరవాత ముక్కు కొసన కాసేపు నిలిచే ఘాటు. గిన్నెలు తోముతున్నదాన్ని చేతులకి సబ్బు నురగతోనే అలా నిలబడిపోయాను. న్యూజెర్సీలో ఒక చిన్న తెల్లటి ఇల్లు, పొయ్యి మీద పెద్ద గిన్నె, దాని ముందు స్వెట్టరు చేతులు పైకి మడుచుకుని చెక్క గరిటె తిప్పుతున్న డెబ్బై నాలుగేళ్ళ ఇంగ్లండు ఆవిడ కళ్ళముందు మెదిలారు. ఆమె పేరు విన్నిఫ్రెడ్ పైక్. ఏటా జనవరిలో చేదు నారింజలతో మార్మలేడ్ అనే జాము కాచేవారు. ఆమెను చూసిన తెలుగువాళ్ళు ఇప్పుడు నాకు తెలిసి నలుగురైదుగురుంటారు. వాళ్ళలో రాసే అలవాటు ఉన్నది నాకొక్కదానికే.

రెండువేల నాలుగులో మేం న్యూజెర్సీలో పార్సిప్పనీకి ఆనుకుని ఉన్న ఒక చిన్న టౌన్‌షిప్‌లో, మన మునిసిపాలిటీ లాంటి ఊళ్ళో, ఉండేవాళ్ళం. మా ఆయన ప్రసాద్‌గారు కన్సల్టెంటు. మా కాంప్లెక్సులో మూడొంతులు మనవాళ్ళే. పొద్దున ఎనిమిదయ్యేసరికి కార్లన్నీ ఆఫీసులకి వెళ్ళిపోయేవి, పార్కింగ్ లాట్ ఖాళీ అయ్యేది, ఆడవాళ్ళం మిగిలేవాళ్ళం. హెచ్‌ఫోర్ వీసా మీద వచ్చిన భార్యలం కాబట్టి మేం ఉద్యోగం చెయ్యకూడదు. నేను గుంటూరులో రాజనీతిశాస్త్రం ఎమ్మే చేసి, ఒక జూనియర్ కాలేజీలో రెండేళ్ళు సివిక్స్ చెప్పినదాన్ని. బ్రిటిష్ పార్లమెంటు మీద అయిదు మార్కుల ప్రశ్నకి జవాబు పిల్లలచేత బట్టీ పట్టించాను కాని, ఆ పార్లమెంటుకి మనుషుల్ని పంపే ఒక పల్లెటూరు ఎలా ఉంటుందో ఎప్పుడూ ఊహించలేదు.

మాకున్నది ఒకటే కారు, నాకు డ్రైవింగ్ రాదు. టౌన్‌షిప్ లైబ్రరీ మైలు దూరంలో ఉండేది. మా పాప, పది నెలల కీర్తనను స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి నడిచి వెళ్ళేదాన్ని. ఆ రోడ్డు పక్కన నడిచేవాళ్ళ కోసం సైడ్‌వాక్ లేదు. కార్లు నలభై మైళ్ళ వేగంతో వస్తుంటే పక్కన గడ్డి, దాని పక్కన కాలువ. చలికాలం మంచు తీసే ట్రక్కులు ఆ గడ్డి మీదే మంచు కుప్ప పోసేవి. కారు శబ్దం వినపడగానే నేను స్ట్రోలర్‌ని ఆ కుప్పలోకి తోసి నిలబడి, అది దాటాక మళ్ళీ రోడ్డెక్కేదాన్ని.

ఒక జనవరి మధ్యాహ్నం అలా నిలబడి ఉంటే రోడ్డు పక్కనున్న ఒక ఇంటి కిటికీ పైకి లేచింది.

"అమ్మాయ్! రోజూ చూస్తున్నాను. కారు వచ్చినప్పుడల్లా దానికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు పక్కకి తప్పుకుంటావెందుకు?"

ఆమె ఇంగ్లీషులో అన్న మాటల్ని ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. ఆ 'యూ'ని 'నువ్వు' చెయ్యాలా 'మీరు' చెయ్యాలా అని ఇప్పటికీ ఒక సందేహం ఉంది కాని, ఆ గొంతు గుర్తు చేసుకుంటే 'నువ్వు' తప్ప ఇంకేదీ అతకదు.  "చంటిదానికి చలి. లోపలికి రా" అన్నారు. వెళ్ళాను. ఇల్లంతా నారింజ వాసన. కీర్తన చేతికి ఒక చెక్క గరిటె ఇచ్చి కూర్చోబెట్టి, నాకు టీ పోసి, "ఏం చదివావు?" అని అడిగారు. ఈ దేశం వచ్చాక నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. అందరూ మీ ఆయన ఏం చేస్తారని అడిగేవాళ్ళు.

రాజనీతిశాస్త్రం అనగానే ఆమె లేచి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. లోపల టైపు మిషను మీద కొట్టిన కాగితాలు, వాటి అంచుల్లో వణుకుతున్న చేతి రాత. అది థార్న్‌వేల్ అనే పల్లెటూళ్ళ నియోజకవర్గం చరిత్ర. ఆమె పుట్టి పెరిగింది అక్కడే. తండ్రి అక్కడి భూములన్నిటికీ యజమాని అయిన ప్రభువు ఎస్టేటులో గుర్రబ్బండి తోలేవాడట. ఆమె అక్కడ ఇరవై రెండేళ్ళు ఒక పార్టీకి ఎలక్షన్ ఏజెంటుగా పనిచేశారు. అంటే అభ్యర్థి ఊరేగుతుంటే వెనక ఓటర్ల జాబితాలు, కరపత్రాలు, పోలింగ్ రోజు బళ్ళు, ఇలా మొత్తం ఏర్పాటంతా చూసుకునే మనిషి. యాభై ఒకటో ఏట, వాళ్ళ ఊరి చర్చి చూడడానికొచ్చిన ఒక అమెరికన్ ఇంజనీరుని పెళ్ళి చేసుకుని న్యూజెర్సీ వచ్చేశారు. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన పోయిన ఏడే ఈ పుస్తకం మొదలుపెట్టారు. ఇప్పుడు కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి టైపు సాగడం లేదు.

"నువ్వు టైపు చేస్తావా?"

"నాకు పనిచేసే పర్మిషన్ లేదండీ."

"జీతం ఎవరిస్తామన్నారు? మార్మలేడ్ ఇస్తాను. చంటిదాన్ని ఆడిస్తాను. పనిలో తప్పులు చేస్తే తిడతాను."

మూడూ చేశారు. వారానికి మూడు మధ్యాహ్నాలు ప్రసాద్‌గారి పాత లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళేదాన్ని. థార్న్‌వేల్ అంటే నదికి ఎగువన ఒక సంత ఊరు, దిగువన ఒక సంత ఊరు, చుట్టూ గొర్రెలు, బార్లీ చేలు, నలభై పల్లెలు. రెండూళ్ళకీ ఒకరంటే ఒకరికి పడదు. పేర్లు నోరు తిరగక నేను ఎగువూరు, దిగువూరు అనేదాన్ని. ఆమెకి ఆ మాటలు నచ్చి తనూ అలాగే పలకడం మొదలుపెట్టారు, 'డిగువూరు' అని.

మొదటి వారమే తిట్లు తిన్నాను. ఒకచోట ఆమె వాక్యం మరీ పొడవుగా ఉందని కుదించి, 'ఆ ఏడు థార్న్‌వేల్ ప్రజలు ప్రభువుగారి మేనల్లుణ్ణి ఎన్నుకున్నారు' అని టైపు చేశాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివి, "ప్రజలా? ఎంతమంది?" అన్నారు.

"ఓటేసినవాళ్ళండీ."

"ఓటున్నవాళ్ళు కొన్ని వందలు. ఊళ్ళో ఉన్నవాళ్ళు వేలు. మిగతావాళ్ళు ఆ రోజు ఏం చేశారు, దుప్పటి కప్పుకుని పడుకున్నారా? నా వాక్యం ఎందుకంత పొడుగ్గా ఉందో చూశావా? వాళ్ళు కూడా అందులో ఉన్నారు కాబట్టి."

ఆ మిగతావాళ్ళ మీదే ఒక అధ్యాయం ఉంది. రహస్య ఓటు రాకముందు సంగతి. ఓటరు అందరి ముందూ చెక్క వేదిక ఎక్కి, ఎవరికి ఓటేస్తున్నాడో పైకి చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. తరవాత ఎవరు ఎవరికి వేశారో అచ్చువేసి అమ్మేవాళ్ళు కూడా. దిగువూరులో ఒక రొట్టెల దుకాణం అతను ప్రభువుకి ఎదురు నిలబడ్డ మనిషికే ఓటేస్తానని ఊరందరికీ మాటిచ్చాడు. తీరా వేదిక ఎక్కి, ఎదురుగా ఎస్టేటు మేనేజరు నిలబడి ఉండడం చూసి, ప్రభువు మేనల్లుడి పేరు చెప్పి దిగిపోయాడు. మర్నాటి నుంచి ఊళ్ళో ఆడవాళ్ళు, ఓటన్నది కలలో కూడా లేనివాళ్ళు, అతని దుకాణం ముందు నుంచే బుట్టలు పట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి ఎగువూరులో రొట్టె కొనుక్కొచ్చారు. ఆ చలికాలమంతా! అదీ తమకు పడని ఎగువూరు నుంచి. తరవాతి ఎన్నికలో అతను రెండో పేరు చెప్పాడట.

"ఆ ఆడవాళ్ళలో మా నాయనమ్మ నాయనమ్మ ఒకామె" అన్నారు మిసెస్ పైక్.

"దీనికి రికార్డు ఉందా?" అని అడిగాను. ఎమ్మే చదివినదాన్ని కదా.

"లేదు. 'మా ఇంట్లో ఇలా చెప్పుకునేవారు' అని రాయి. తెలిసింది తెలిసినంతే రాస్తే అది అబద్ధం కాదు."

ఆ అధ్యాయం పూర్తి చేసిన పదిరోజులకి స్వరూపకి దెబ్బ తగిలింది. స్వరూపది జగిత్యాల, మా పై అంతస్తు. నాకంటే రెండేళ్ళు చిన్నది. సాయంత్రం నాలుగింటికి గ్రోసరీ స్టోర్ నుంచి పాల డబ్బా పట్టుకుని నడిచి వస్తుంటే ఒక కారు అద్దం ఆమె మోచేతికి తగిలింది. కాలువలో పడి మణికట్టు విరిగింది. కారాయన మంచివాడే, ఆగి, తనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. కట్టుతో ఇంటికొచ్చి, "పాలు మొత్తం పాయె అక్కా, చెయ్యి పోతే పోయింది గాని" అని నవ్వించడానికి చూసింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ దెబ్బ కొంచెం అటూ ఇటూ అయితే తలకే తగిలేదని అందరికీ తెలుసు.

ఆ రాత్రి ఆమె భర్త రవీందరూ ప్రసాద్‌గారూ మాట్లాడుకుని తీర్మానం చేశారు. ఇక ఎవరూ ఆ రోడ్డు మీద నడవకూడదు. వీకెండ్ వాళ్ళే షాపింగ్ చేసి పెడతారు. లైబ్రరీకి శనివారం తీసుకెళ్తారు. ప్రేమతో చెప్పిన మాటే. అయినా అది విన్నప్పుడు మా గది కిటికీ కొంచెం చిన్నదైనట్టు అనిపించింది.

మిసెస్ పైక్‌కి ఫోన్ చేసి ఇక రాలేనని చెప్పాను. ఆమె, "రోడ్డు ఎవరిది?" అన్నారు.

"టౌన్‌షిప్‌ది."

"అయితే సైడ్‌వాక్ వెయ్యమని టౌన్‌షిప్‌ని అడగండి."

"మాకు ఓటు లేదండీ. ఇక్కడా లేదు, అక్కడా వేసే వీలు లేదు. మా మాట ఎవరు వింటారు?"

"పోయిన వారం ఏ అధ్యాయం టైపు చేశావు నువ్వు?" అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు నేనూ స్వరూపా అదే రోడ్డు మీద, అదే గడ్డి మీద నడిచి ఆమె ఇంటికి వెళ్ళాం. ఆమె మాకు పని నేర్పించారు. ఆ రోడ్డు మీద లైబ్రరీ దాకా ఓటున్న ఇళ్ళు నలభై రెండు. ఇంటికో అట్టముక్క. అవునంటే టిక్కు, కాదంటే అడ్డగీత, తేల్చకపోతే ప్రశ్న గుర్తు. తలుపు తట్టాక రెండడుగులు వెనక్కి వెయ్యాలి, అప్పుడు లోపలివాళ్ళు భయపడరు. వాదించకూడదు. వాళ్ళు అన్న మాట అన్నట్టుగా రాయాలి. "ప్రశ్న గుర్తంటే పని అయిపోయిందని కాదు. మళ్ళీ వెళ్ళాలని" అన్నారు.

ఇంట్లో మాత్రం ప్రసాద్‌గారు కంగారుపడ్డారు. "ఎందుకొచ్చిన గొడవ వసూ? గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఎవరైనా కంప్లైంట్ చేస్తే?" అన్నారు. నాకూ భయంగానే ఉంది. మిసెస్ పైక్‌ని అడిగితే, ఆమె తెలిసిన లాయరుకి ఫోన్ చేసి కనుక్కుని, వినయంగా ఒక విన్నపం చేసుకుంటే ఏమీ కాదని చెప్పారు. ప్రసాద్‌గారు ఒప్పుకోలేదు, వద్దని కూడా అనలేదు. సాయంత్రాలు కీర్తనను చూసుకోవడం మాత్రం మొదలుపెట్టారు.

నేను ఇరవై రెండు ఇళ్ళు, స్వరూప చేతికట్టుతోనే ఇరవై ఇళ్ళు తిరిగాం. మొదటి తలుపు దగ్గర నా పేరు నాకే గుర్తు రాలేదు. పదో తలుపుకి మాట స్థిరపడింది. రెండు వారాల తరవాత అట్టముక్కలు తీసుకెళ్ళి గర్వంగా ఆమె ముందు పెట్టాను. ముప్పై టిక్కులు.

ఆమె ఒక అట్ట తీశారు. "ఈయన ఏమన్నాడు? అన్న మాటే చెప్పు."

"'సౌండ్స్ నైస్' అన్నారు."

ఇంకోటి తీశారు. "ఈమె?"

"'గుడ్ లక్, స్వీట్‌హార్ట్' అని... తలుపు వేసుకుంది."

"ఇవి మర్యాదలు. సమ్మతులు కావు. టిక్కు ఎందుకు పెట్టావు?"

నిజం చెప్పాను. మీరు సంతోషిస్తారని పెట్టానన్నాను. ఆమె మొహం పాలిపోయింది. అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి సర్ది, వాటి మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా, "ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు" అన్నారు. అంతకు ముందూ ఆ తరవాతా ఆమె నన్నలా పంపించింది లేదు. దారంతా కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. ఇంత చిన్న విషయానికి అంత కోపమేమిటని నాకూ కోపం వచ్చింది.

మూడు రోజులు వెళ్ళలేదు. నాలుగో రోజు ఆమే చేతికర్ర పట్టుకుని, ఆ మంచు కుప్పల పక్కనుంచి, మా అపార్ట్‌మెంటుకి నడుచుకుంటూ వచ్చారు.  సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆమె తాగలేదు.

"పుస్తకంలో నా చివరి ఎన్నిక ఎన్ని లైన్లుంది?" అని అడిగారు.

"ఒక్క లైను. 'ఆ ఎన్నికలో మా అభ్యర్థి స్వల్ప తేడాతో ఓడిపోయాడు' అని. అదేమిటి ఇంత చిన్నగా రాశారని అడుగుదామనుకున్నాను."

"లాప్‌టాప్ తెరువు" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆ అభ్యర్థి ఒక స్కూలు మాస్టారు, చాలా మంచివాడు. అప్పుడు ఆయన భార్యకి ఒంట్లో బాగుండేది కాదు. రోజూ సాయంత్రం పార్టీ ఆఫీసుకొచ్చి కోటు కూడా విప్పకుండా, "ఎలా ఉంది విన్నీ?" అని అడిగేవాడు. ఎగువూరు అట్టల నిండా ప్రశ్న గుర్తులే. ఆ మాట ఆయన మొహం మీద చెప్పలేక, ఒక సాయంత్రం తలుపు వేసుకుని, ఆ ప్రశ్న గుర్తుల్ని తన చేత్తోనే టిక్కులుగా మార్చేశారట. మార్చిన కొన్నాళ్ళకి తనే వాటిని నమ్మడం మొదలుపెట్టారు. పోలింగ్ రోజు, ఎగువూరు ఎలాగూ మనదేనని, ఉన్న కార్లన్నీ దిగువూరు వైపు పల్లెలకి పంపించారు. ఎగువూరులో ఆ ఇళ్ళకి రెండోసారి ఎవరూ వెళ్ళలేదు. డెబ్బై లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఫలితం ప్రకటించిన సభలోనే మాస్టారు ఆమెకి అందరిముందూ పూలగుత్తి ఇచ్చి కృతజ్ఞతలు చెప్పాడు.

"ఈ పుస్తకంలో ప్రభువు చేసిన మోసాలన్నీ పేజీలకి పేజీలు రాశాను. నాది ఒక లైనులో దాచాను. నీ అట్టలు చూశాక మూడు రాత్రులు నిద్ర లేదు. నిన్ను తిట్టే అర్హత నాకు రావాలంటే ముందు ఇది రాయాలి."

ఆమె చెప్తుంటే నేను టైపు చేశాను. కీర్తన ఆమె చేతికర్రతో ఆడుకుంటూ ఉంది. మూడు పేజీలు వచ్చింది. ఒక్క మాట కూడా మెత్తగా చెయ్యనివ్వలేదు. ఆ పేజీల్ని ముందు మాస్టారికే పంపాలన్నారు. ఆయన ఎగువూరులో ఒక వృద్ధుల ఇంట్లో ఉన్నారట. నేనే పోస్టు చేశాను.

అట్టముక్కలు మళ్ళీ రాశాం. నిజం లెక్క పదకొండు టిక్కులు, తొమ్మిది అడ్డగీతలు, ఇరవై రెండు ప్రశ్న గుర్తులు. ముప్పై నుంచి పదకొండుకి పడిపోతే స్వరూప నిట్టూర్చి, "పోనీ అక్కా, గిప్పుడు ఏ ఇంటికి పోవాల్నో ఎరుకైంది గద" అంది. మళ్ళీ తిరిగాం. ఈసారి మాకు మొహాలు తెలుసు, కుక్కల పేర్లు కూడా తెలుసు. ఆ ఇళ్ళవాళ్ళలో ఫ్రాంక్ అనే రిటైరైన ప్లంబరు ఒకాయన గట్టి అడ్డగీత. "సైడ్‌వాక్ వేస్తే నా ఇంటి ముందు దాని మీద పడ్డ మంచు నేనే తియ్యాలి. రూలు అది. నా నడుము చూశారా?" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. వాదించకుండా అదే మాట రాసుకుని వచ్చాను.

ఏప్రిల్‌లో టౌన్‌షిప్ కౌన్సిల్ మీటింగ్. ఎవరైనా లేచి పేరు, అడ్రసు చెప్పి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. మిసెస్ పైక్ వెనక వరసలో కూర్చున్నారు. మీరూ మాట్లాడండి అని బతిమాలాను. "నేను మాట్లాడితే అది నా సైడ్‌వాక్ అవుతుంది" అన్నారు. ప్రసాద్‌గారు కీర్తనను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. వస్తానని ఆయన నాకు ముందు చెప్పలేదు.

స్వరూపకి తగిలిన దెబ్బ సంగతి చెప్పాను. ఆమె లేచి చెయ్యి చూపించింది. రోడ్డు సంగతి చెప్పాను. మధ్యలో ఒక సభ్యుడు, మర్యాదగానే, "మీరు ఇక్కడ ఓటరేనా?" అని అడిగాడు. 

"కాదండీ. మాకు ఓటు లేదు. అందుకే ఆ రోడ్డు మీద ఓటున్న నలభై రెండు ఇళ్ళకీ వెళ్ళి అడిగాం. ఇరవై ఆరు ఇళ్ళు కావాలన్నాయి. తొమ్మిది వద్దన్నాయి. ఏడు ఇంకా తేల్చుకోలేదు. ఆ ఏడింటినీ మా వైపు కలుపుకోలేదు. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో కూడా ఇందులో రాసి ఉంది" అని కాగితం ఇచ్చాను.

అధ్యక్షుడు ఆ కాగితం చాలాసేపు చదివాడు. అవతలివాళ్ళ కారణాలు కూడా రాసి తెచ్చిన విన్నపం తను ఇదే మొదటిసారి చూడడం అన్నాడు. అప్పుడు ఫ్రాంక్ నడుము పట్టుకుని లేచాడు. 

"ఆ తొమ్మిదిలో నేనొకణ్ణి. వాళ్ళు నా మాట సరిగ్గానే రాశారు" అని నా వైపు తిరిగి, "నా ఇంటి ముందు మంచు ఎవరు తీస్తారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర నుంచి ప్రసాద్‌గారి గొంతు వినిపించింది. "నేను తీస్తానండీ."

హాలంతా నవ్వింది. ఫ్రాంక్ ఒక క్షణం ఆయన వైపు చూసి, "అయితే ఎనిమిది అని రాసుకోండి" అని కూర్చున్నాడు.

ఆ రోజే ఏమీ తేలలేదు. సర్వే అన్నారు, నిధులన్నారు, ఇంకో రెండు మీటింగులకి వెళ్ళాం. మరుసటి వేసవిలో సైడ్‌వాక్ వచ్చింది. రోడ్డుకి ఒక పక్కనే, మా కాంప్లెక్సు నుంచి లైబ్రరీ దాకా. గ్రోసరీ స్టోర్ వైపు కాలువ మీద వంతెన వెయ్యాలి, అది కుదరదన్నారు. సిమెంటు ఆరాక మొదటిసారి నడిచినప్పుడు స్వరూప చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "ఇది మన జాగ అక్కా" అంది. తరవాత రెండు చలికాలాలు ప్రసాద్‌గారూ రవీందరూ పొద్దున ఏడింటికే వెళ్ళి ఫ్రాంక్ ఇంటి ముందు మంచు తీశారు. ఫ్రాంక్ కిటికీలోంచి ఎటువైపు ఎలా తియ్యాలో చెప్తూ ఉండేవాడు. మా బాత్రూం కుళాయి కారుతుంటే తనే వచ్చి బాగుచేశాడు.

మాస్టారి జవాబు ఆ మధ్యలోనే వచ్చింది. ఒక పోస్టుకార్డు. మిసెస్ పైక్ కళ్ళజోడు వెతుక్కోలేక నన్నే చదవమన్నారు. 'విన్నీ, ఎగువూరు వీధుల్లో నేనూ తిరిగాను కదా. మనం ఓడిపోతున్నామని నాకు నీకంటే ముందే తెలుసు. అయినా రోజూ సాయంత్రం వచ్చి నీ నోట బాగుందని వినడం ఆ నెలలో నాకున్న ఒకే సుఖం. చెప్పినందుకు సంతోషం. అచ్చు వేయించు.'

చదవడం ఆపి ఆమె వైపు చూశాను. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. ఆమె బల్ల మీద ఒక్క చరుపు చరిచి, "దుర్మార్గుడు! ఇన్నేళ్ళూ నన్ను లోపల్లోపల కాలనిచ్చి, తనకి ముందే తెలుసట!" అన్నారు. అని పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు వస్తే మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆ రోజు సాయంత్రం దాకా ఉన్నంత హాయిగా ఆమెను నేను అంతకు ముందు చూడలేదు. ఆ ఉత్తరాన్ని కూడా పుస్తకంలో పెట్టించారు, 'దుర్మార్గుడు' అన్న తన మాటతో సహా.

పుస్తకం కాపీ షాపులో అచ్చు వేసి, స్పైరల్ బైండింగ్ చేయించాం. నలభై కాపీలు. రెండూళ్ళ లైబ్రరీలకీ సమానంగా పంపించారు, ఒకటి తక్కువైతే ఆ ఊరివాళ్ళు వంద సంవత్సరాలు చెప్పుకుంటారని. ముందుమాట చివర నా పేరు ఉంది. 'టైపు చేసి, నన్ను రెండు చోట్ల సరిదిద్దినవారు' అని. ఆ రెండు చోట్లు ఏవో అడిగితే చెప్పలేదు.

తరవాత మేం కాలిఫోర్నియా వచ్చేశాం. నెలకోసారి ఫోన్ చేసేదాన్ని. ఒకసారి తనే చేశారు. ఇంగ్లండులో నియోజకవర్గాల సరిహద్దులు మార్చారట. థార్న్‌వేల్‌ని నడిమికి రెండుగా చీల్చి, ఎగువూరుని ఒకదాన్లో, దిగువూరుని ఇంకోదాన్లో కలిపేశారట. ఇక ఆ పేరుతో నియోజకవర్గం లేదు. అయ్యో అన్నాను.

"అయ్యో ఎందుకు? రెండూళ్ళకీ ఇన్నాళ్ళకి విడాకులు దొరికాయి. ఆ చరిత్రకి ఇప్పుడు చివరి పేజీ ఉంది, అది నేను బతికి ఉండగానే వచ్చింది. కూర్చో, రాసుకో" అన్నారు. ఫోన్‌లోనే ఒక పేజీ చెప్పారు. తరవాతి వసంతంలో ఆమె పోయారు. నిద్రలోనే పోయారని ఫ్రాంక్ ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఇంటి ముందు సైడ్‌వాక్ మీద మంచు ఆ చలికాలమంతా తను మనిషిని పెట్టి తీయించానన్నాడు.

ఇవాళ్టికీ నాకు ఈ దేశంలో ఓటు లేదు. ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది. నాకు దాని గురించి పెద్ద బాధ లేదు. మొన్న మా అమ్మాయి స్కూల్లో శనివారం తోటపనికి ఎన్ని కుటుంబాలు వస్తాయని టీచరు అడిగింది. మిగతా తల్లులు అందరూ వస్తారన్నారు. నన్నడిగితే, "తొమ్మిది కుటుంబాలు ఖాయం. ఆరు రావు. మిగతావాళ్ళ సంగతి ఇంకా తెలీదు, కనుక్కుంటాను" అన్నాను. అందరూ నావైపు అదోలా చూశారు. నేను ఇంటికొచ్చి చెప్పులు వేసుకుని ఆ తెలియని ఇళ్ళకి ఒక్కొక్కదానికీ మళ్ళీ వెళ్ళాను. శనివారం పదమూడు కుటుంబాలు వచ్చాయి. చివర వచ్చిన నాలుగు కార్లూ ఎవరివో నాకు తెలుసు. పలుగులూ తొట్లూ వాళ్ళకి సరిపడా ముందే తీసి పక్కన పెట్టి ఉంచాను.